కొలెస్ట్రాల్ మీద సారు సందేహం, సారు మీద నా ప్రశ్న

సభను నడిపిస్తున్న మా ప్రిన్సిపాల్ గారికి, ముఖ్య అతిథిగా గుడివాడ నుంచి వచ్చిన గుండె వైద్యులు డాక్టర్ మాధవీలత గారికి, శాలువా బరువుకు కొంచెమూ పొగడ్తల బరువుకు ఇంకొంచెమూ వంగి కూర్చున్న, ఇవాళ రిటైరవుతున్న మా జువాలజీ సారు శివరామకృష్ణ గారికి, మొదటి వరుసలో కూర్చుని ఆయన్ని తప్ప ఇంకెవర్నీ చూడని ఆయన శ్రీమతి ఇందిర గారికి, అధ్యాపకులకు, పెద్దలకు, మైకులో ఎవరు మాట్లాడుతున్నా తలుపు పక్కనున్న లడ్డూ పాకెట్ల వైపే చూస్తున్న నా తోటి విద్యార్థులకు నమస్కారం. (నవ్వులు)

నా పేరు హాసిని. బీఎస్సీ మూడో సంవత్సరం. మాది నాగాయలంక దగ్గర. మా తాతయ్య శోభనాద్రి గారికి అక్కడ రొయ్యల చెరువులున్నాయి. ఆయన కూడా వచ్చారు, అదిగో, ఫ్యాను కింద తెల్ల చొక్కా. తాతయ్యా, చెయ్యి ఊపక్కర్లేదు, కూర్చో. (నవ్వులు)

"విద్యార్థుల తరఫున నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చోమ్మా" అన్నారు ప్రిన్సిపాల్ గారు. మంచి మాటలు తప్పకుండా చెప్తాను. కూర్చోవడం మాత్రం నా చేతుల్లో లేదండీ, సారు చేతుల్లో ఉంది. నేను ఈ వేదిక ఎక్కింది ఆయనకు వీడ్కోలు చెప్పడానికి కాదు, ఆయన్ని ఒక ప్రశ్న అడగడానికి. అది ఆయన గుండెకు సంబంధించిన ప్రశ్న. ఆయన గుండె పరీక్ష చేయించుకుంటారా, చేయించుకోరా? జవాబు వచ్చేదాకా ఈ మైకు వదలను. ముందే చెప్తున్నాను, తర్వాత బెల్లు కొట్టినా లాభం లేదు.

సారు నా వైపు కోపంగా చూస్తున్నారు. ఫరవాలేదు, ఆ చూపు మాకు మూడేళ్ళుగా అలవాటే. (నవ్వులు)

ఇది అర్థం కావాలంటే మా సారు క్లాసు ఎలా ఉంటుందో తెలియని వాళ్ళకు కాస్త చెప్పాలి. మిగతా క్లాసుల్లో ప్రశ్న అడిగితే జవాబు వస్తుంది. మా సారు క్లాసులో ప్రశ్న అడిగితే పని వస్తుంది. "అడిగినవాళ్ళే చూడాలి" అన్నది ఆయన పెట్టిన రూలు. కప్పకు చెవులెక్కడున్నాయని అడిగినవాడే కాలవ గట్టుకు వెళ్ళి కప్పను పట్టుకుని చూడాలి, చూసి సోమవారం క్లాసులో నిలబడి చెప్పాలి. "పుస్తకంలో ఉంది సార్" అంటే ఒప్పుకోరు. "పుస్తకం రాసినాయన చూశాడు, బాగానే ఉంది. నువ్వు చూశావా?" అంటారు. ఈ రూలుకు భయపడి మొదటి సంవత్సరంలో సగం మంది నోరు తెరవరు. నేను తెరిచాను.

ఏం అడిగానంటే, రొయ్యలు తింటే గుండెపోటు వస్తుందా అని. ఊరికే అడగలేదు. ఆ ఏడాది మా తాతయ్యకు రక్త పరీక్షలో కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువని తేలింది. ఇంకేముంది, మా అమ్మ వంటింట్లో కర్ఫ్యూ పెట్టేసింది. రొయ్య బంద్. గుడ్డులో పచ్చసొన పిల్లికి, తెల్లసొన తాతయ్యకు. మా పిల్లి నిగనిగలాడుతూ లావెక్కింది, మా తాతయ్య ముఖం వాడిపోయింది. టన్నుల లెక్కన రొయ్యల్ని పెంచి లారీలకెత్తే మనిషి, తన పళ్ళెంలో సొరకాయ ముక్కను అటూ ఇటూ దొర్లిస్తూ "ఇది తిని బతికేదెందుకే" అనేవారు.

సారుకు అదంతా చెప్పాను. ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు. ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారంటే ఆ గంట సిలబస్ సంగతి మరిచిపోవాల్సిందే. కొలెస్ట్రాల్ అనే మాట వెనక ఇంత కథ ఉందని ఆ రోజే మాకు తెలిసింది. మనం తినేదానికంటే మన కాలేయం తయారుచేసే కొలెస్ట్రాలే ఎక్కువని, అది లేకపోతే మన ఒంట్లో ఒక్క కణానికి కూడా పొర నిలబడదని చెప్పారు. వందేళ్ళకు పైగా కిందట రష్యాలో కుందేళ్ళకు కొలెస్ట్రాల్ తినిపిస్తే వాటి రక్తనాళాలు పూడుకుపోయాయని చెప్పి, వెంటనే "కుందేలు గడ్డి తినే జంతువు. దానికి గుడ్డు పెట్టి మనిషి సంగతి తేల్చేస్తే ఎలా?" అని మమ్మల్నే అడిగారు. గుండెపోటుతో ఆస్పత్రికి వచ్చేవాళ్ళలో చాలామందికి కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంటుందనీ, గుడ్లూ రొయ్యలూ వద్దని ఏళ్ళ తరబడి చెప్పిన కొన్ని దేశాలవాళ్ళే తర్వాత ఆ హద్దు తీసేశారనీ చెప్పారు. మేము నోళ్ళు తెరుచుకుని విన్నాం.

అప్పుడు ఆయన గొంతు తగ్గించి వాళ్ళ నాన్నగారి గురించి చెప్పారు. అవనిగడ్డలో పోస్టుమాస్టరు. సన్నటి మనిషి. నెయ్యి ముట్టరు, వేపుడు ముట్టరు. రక్తంలో అన్నీ సరిగ్గా ఉన్నాయని డాక్టరు మెచ్చుకున్న ఏడాదిలోనే, ఒక పొద్దున ఉత్తరాలకు ముద్రలు కొడుతూ కొడుతూ బల్ల మీదికి ఒరిగిపోయారట. ఆ ఇంట్లోనే వాళ్ళ నాయనమ్మ గారు. "మా నాయనమ్మ అన్నంలో నెయ్యి వేసుకునేది కాదర్రా, నేతిలో అన్నం వేసుకునేది" అని సారు అంటారు. ఆవిడ కొడుకు పోయాక కూడా ఎన్నో ఏళ్ళు బతికారు. అన్నీ మానుకున్న కొడుకు ముందు వెళ్ళడం, ఏదీ మానుకోని తల్లి ఉండిపోవడం, ఇది చూసిన కుర్రవాడికి సందేహం రాకపోతే ఆశ్చర్యపోవాలి గానీ వస్తే ఆశ్చర్యం ఏముంది?

(విరామం)

సరే, నా రొయ్యల సంగతి. అడిగినవాళ్ళే చూడాలి కదా. డాక్టర్ మాధవీలత గారు అప్పటికే మా తాతయ్యకు వైద్యం చేస్తున్నారు. ఆవిడ్ని అడిగి, ఆవిడ సరే అన్నాక, తాతయ్యకు వారంలో కొన్నిసార్లు రొయ్యల కూర పెట్టించాను. ముందొకసారి రక్త పరీక్ష, కొన్ని వారాల తర్వాత ఇంకోసారి. కొలెస్ట్రాల్ పెరగలేదు. పెరగకపోగా కాస్త తగ్గింది! నేను ఆ సోమవారం క్లాసులో నిలబడి, రాత్రంతా వెతికి పెట్టుకున్న పెద్ద పెద్ద మాటలన్నీ వాడేశాను. "నిరపరాధి అయిన రొయ్యపై శతాబ్దకాలంగా మోపబడిన అభియోగం" అని మొదలుపెట్టాను. (నవ్వులు) నవ్వకండి, ఆ వాక్యం నాకు ఇప్పటికీ ఇష్టమే.

సారు చివరిదాకా విన్నారు. విని, ఒక్కటే అడిగారు. "మీ తాతయ్య ఆ వారాల్లో ఇంకేం మానేశారమ్మా?"

నాకు తెలియదు. ఇంటికి వెళ్ళి అడిగితే తెలిసింది. రొయ్యలు మళ్ళీ వస్తున్నాయన్న సంతోషంలో మా తాతయ్య సాయంత్రం సెంటర్లో తినే బజ్జీలు మానేశారు. చెరువు గట్టు మీద బండి ఆపేసి నడవడం మొదలుపెట్టారు. ఇంక కొలెస్ట్రాల్ తగ్గింది దేని వల్ల? రొయ్యా, బజ్జీనా, నడకా? నా వాదనంతా నీళ్ళపాలు. ఏడుపు ముఖంతో సారు దగ్గరికి వెళ్తే, "ఒక్క తాతయ్యతో శాస్త్రం అవదమ్మా. మా నాన్నా, మా నాయనమ్మా కూడా శాస్త్రం కాదు. వాళ్ళు నాకు ప్రశ్న ఇచ్చారు, జవాబు ఇవ్వలేదు" అన్నారు. సార్, ఆ మాట నేను మరిచిపోలేదు. ఇవాళ మీకు అది గుర్తుచేయడానికే వచ్చాను.

అలాగని మా సారు ఎవరినీ మందు మానమని చెప్పే మనిషి కాదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆయన మాట సగం విని పరిగెత్తేవాళ్ళు ఉన్నారు. ఫ్యాను కిందే ఉన్నారు. (నవ్వులు) "మీ సారే చెప్పారుగా కొలెస్ట్రాల్ ఏం చెయ్యదని" అని మా తాతయ్య డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర పక్కన పెట్టేస్తే, సారు స్వయంగా ఫోన్ చేశారు. "శోభనాద్రి గారూ, నేను ప్రశ్న వేశానండీ, మందుచీటీ రాయలేదు. మాత్ర వేసుకోండి. మానాలనిపిస్తే ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి అడగండి, నన్ను కాదు."

ఆ అమ్మాయి అంటే మన ముఖ్య అతిథి గారు. సారు గుడివాడలో పనిచేసినప్పుడు ఆయన క్లాసులో కూర్చున్న విద్యార్థిని. మా కాలేజీలో ఏటా ఈ ఇద్దరికీ చర్చ జరుగుతుంది, మేమంతా సినిమాకు వచ్చినట్టు వస్తాం. పోయినేడు సారు అన్నారు: "తుఫాను మర్నాడు హంసలదీవి ఒడ్డున చెక్కముక్కలు కొట్టుకొచ్చి ఉంటాయి. వాటిని చూసి తుఫాను వీటివల్లే వచ్చిందంటామా? పూడుకుపోయిన నాళంలో కొలెస్ట్రాల్ కనిపించింది కాబట్టి నేరం దానిదేనంటే ఎలా?" హాలు దద్దరిల్లింది. మేడమ్ నిదానంగా లేచి, "తుఫానును చెక్కముక్క తీసుకురాలేదు సార్, ఒప్పుకుంటాను. కానీ ఆ చెక్కముక్కే పోయి కాలవ తూముకు అడ్డం పడితే ఊరు మునుగుతుందా లేదా?" అన్నారు. కుటుంబంలోనే కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే పిల్లలకు ముప్పై నిండకుండా గుండెపోటు రావడం తాను చూశానన్నారు. దాన్ని తగ్గించే మందుతో గుండెపోట్లు తగ్గాయని పెద్ద పెద్ద పరీక్షల్లో తేలిందన్నారు. పొగ, చక్కెర వ్యాధి, రక్తపోటు, వయసు, వంశం, వీటన్నిటి మధ్యలో అదీ ఒకటి, ఒక్కటే మాత్రం కాదన్నారు. సారు "తూము సంగతి నేను ఆలోచించలేదు" అని అందరి ముందూ ఒప్పుకున్నారు. నేను ఆయన్ని అంతకుముందు గౌరవించేదాన్ని. ఆ రోజు నుంచి నమ్మడం మొదలుపెట్టాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. సారు శాలువా సర్దుకుంటున్నారు, ఆయనకు తెలుసు ఎక్కడికి వస్తున్నానో.

పోయిన నెల మమ్మల్ని పాలకాయతిప్ప సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళారు, పీతల బొరియలు చూపించడానికి. ఇసుకలో ఎప్పుడూ ఆయనే ముందు, మేము ఆయాసపడుతూ వెనక. ఆ రోజు మేమే ముందున్నాం. వెనక్కి తిరిగి చూస్తే ఆయన లేరు. దూరంగా సరుగుడు చెట్టు పట్టుకుని నిలబడ్డారు. ఒళ్ళంతా చెమట. ఎడమ చెయ్యి దవడ కింద పెట్టుకున్నారు. పరిగెత్తుకు వెళ్తే, "ఏం లేదు, పొద్దున పెసరట్టు అరగలేదు, గ్యాసు" అన్నారు. ల్యాబ్ అసిస్టెంట్ మోషే గారు సోడా తెచ్చిచ్చారు. కాసేపు కూర్చుంటే తగ్గింది. లేచి నడిస్తే మళ్ళీ పట్టుకుంది. కూర్చుంటే తగ్గి, నడిస్తే వచ్చే గ్యాసు ఏమిటో మా జువాలజీ పుస్తకంలో లేదండీ. "ఇది ఇంట్లో తెలియక్కర్లేదు" అన్నారు. అందరూ సరే సార్ అన్నారు. నేను అనలేదు.

మర్నాడే ఈడేపల్లిలో వాళ్ళింటికి వెళ్ళాను. ఇందిర గారు తలుపు తీసి, నా ముఖం చూసి, "ఇసుకలోనూ వచ్చిందా?" అన్నారు. ఆవిడకు ముందే తెలుసు. మేడ మెట్లెక్కేటప్పుడు ఆయన మధ్యలో ఆగిపోవడం చూస్తున్నారట. "వెళ్దాం పదండి అంటే ఆ కాగితం చూపిస్తారమ్మా. పెళ్ళి శుభలేఖలా జేబులో పెట్టుకు తిరుగుతున్నారు" అన్నారు.

ఆ కాగితం మేమంతా చూశాం. సారు రక్త పరీక్ష రిపోర్టు. కొలెస్ట్రాల్ నూట అరవై ఎనిమిది. మాకు చూపించారు, ఆఫీసులో చూపించారు, క్యాంటీన్లో టీ పోసే పున్నయ్య గారికి కూడా చూపించారు. చూపించి ఏమన్నారు? "నూట అరవై ఎనిమిది! నాకు గుండె జబ్బేంటి?" అన్నారు.

(విరామం)

సార్. మీరు ఇంతకాలంగా మాకు చెప్పిందేమిటి? ఆ ఒక్క అంకె చూసి గుండె సంగతి తేల్చకూడదని. అంకె ఎక్కువున్నంత మాత్రాన రోగి కాడని, తక్కువున్నంత మాత్రాన క్షేమం కాదని. మీ నాన్నగారి కథ చెప్పి మరీ చెప్పారు. రక్తంలో అన్నీ సరిగ్గా ఉన్న మనిషి బల్ల మీదికి ఒరిగిపోయారని మీరే చెప్పారు. ఊరందరి విషయంలో సందేహించిన అంకెను మీ విషయంలో మాత్రం దేవుడి ప్రసాదంలా కళ్ళకద్దుకుని నమ్మేశారేం సార్? (చప్పట్లు)

చప్పట్లు వద్దు. నేను గెలవడానికి రాలేదు.

మీరు కొలెస్ట్రాల్‌ను సందేహించడం తప్పని నేను అనడం లేదు సార్. నేనూ సందేహిస్తాను. రేపు నేను ఎమ్మెస్సీలో చదవాలనుకుంటున్నది కూడా అదే. నేరమంతా దాని నెత్తిన పెట్టేసి, అది తగ్గింది కదా అని మిగతావన్నీ మరిచిపోయేవాళ్ళను చూస్తే మీకెంత కోపమో నాకూ అంతే కోపం. కానీ ఇవాళ ఈ హాల్లో ఆ పని చేస్తున్నది మీరే. సందేహం ఉన్నవాళ్ళు లేచి వెతకాలని మీరు చెప్పారు. మీరు కూర్చుని కాగితం చూపిస్తున్నారు.

ప్రిన్సిపాల్ గారు చీటీ పంపారు. "ముగించు తల్లీ" అని ఉంది. ముగిస్తానండీ, ఒక్క నిమిషం. ఇందిర గారు ఆ రోజు నాతో అన్నారు, "నేనడిగితే మాట దాటేస్తారు. నువ్వు సభలో అడుగు. నలుగురిలో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా కూర్చోవడం ఆయనకు చేతకాదు." అందుకే అడుగుతున్నాను. సార్, మీ గుండెను మీరు చూశారా?

(శివరామకృష్ణ గారు లేచి మైకు అందుకున్నారు.)

"బాగా మాట్లాడావు హాసినీ. ఆ 'ప్రసాదం' మాట మాత్రం నాకు నచ్చలేదు. (నవ్వులు) చూడలేదు. నిజం. కానీ మన రూలు ఏమిటి? అడిగినవాళ్ళే చూడాలి. అడిగింది నువ్వు కదా, నేనెందుకు చూడాలి?" (పెద్దగా నవ్వులు, చప్పట్లు)

సరే సార్. ఒప్పుకున్నాను. రూలు రూలే. అడిగింది నేను, చూడాల్సింది నేనే. కానీ చూడాలంటే నాకు మీ గుండె కావాలి కదా సార్, కాబట్టి మీరూ రావాలి. మేడమ్, ఎప్పుడు తీసుకురమ్మంటారు? ఆ... వింటున్నారా అందరూ? ఈసీజీ ఇవాళే ఇక్కడ బందరులోనే తీయిద్దాం అంటున్నారు, మిగతా పరీక్షలకు తన కారులోనే గుడివాడ తీసుకెళ్తానంటున్నారు. రేపు కాదట. సభ అయ్యాక, ఆ శాలువాతోనే. ఇందిర గారు అప్పుడే సంచి సర్దుకుని లేచారు. తాతయ్యా, నువ్వు బస్సులో వెళ్ళిపో, నేను కారులో వెళ్తున్నాను.

సార్, మీరు వస్తానని నోటితో చెప్పండి. తల ఊపితే లెక్కలోకి రాదు, వెనక వరుసలకు కనిపించదు.

"వస్తాను."

(చప్పట్లు)

థాంక్యూ సార్. ఇంతసేపు ఓపిక పట్టిన ప్రిన్సిపాల్ గారికి, తూము మాటతో నాకు దారి చూపించిన మాధవీలత గారికి, ఈ ప్రశ్న అడగమని చెప్పిన ఇందిర గారికి, కదలకుండా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు.

ఏం తేలుతుందో నాకు తెలియదు. నిజంగా గ్యాసే కావచ్చు. అప్పుడు మీరు నన్ను జీవితాంతం వెక్కిరించండి, సంతోషంగా పడతాను. ఏది తేలినా, డాక్టరమ్మ మిమ్మల్ని కదలనిచ్చిన తర్వాత వచ్చే మొదటి సోమవారం నేను క్లాసులో నిలబడి రిపోర్టు చదువుతాను. రిటైరైనవాళ్ళు రాకూడదని ఎక్కడా లేదు. మీరు వచ్చి మొదటి బెంచీలో కూర్చోవాలి. నేను ఏదో ఒక పెద్ద మాట వాడి, ఏదో ఒకటి తేల్చేసి, ఎక్కడో ఒకచోట తప్పు చేస్తాను. "ఇంకేం మానేశారమ్మా?" అని అడగడానికి మీరు ఉండాలి సార్.

కారు గేటు దగ్గరుంది. పదండి. అందరికీ సెలవు.